పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, పాప దగ్గు తగ్గలేదు: ఒక పడకగది కేసు

ఇళ్లలో, ఆఫీసుల్లో గాలి నాణ్యత కొలవడం నా పని. "ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాం, తేడా ఏం కనబడలేదు" అని పిలిచేవాళ్లు చాలామందే ఉంటారు. వాటిలో ఈ ఒక్క కేసే రాయడానికి కారణం ఉంది. ఇందులో మిషన్ మంచిదే, వాడినవాళ్లు జాగ్రత్తపరులే. నేనిచ్చిన మొదటి సలహా మాత్రం ఒక సమస్యను తగ్గించి ఇంకో సమస్యను పెంచింది. అది ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో రాస్తే ఈ పని చేసేవాళ్లకీ, ఇంట్లో ప్యూరిఫయర్ ఉన్నవాళ్లకీ పనికొస్తుందనిపించింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

తల్లి, తండ్రి, తొమ్మిదేళ్ల పాప. పాపకి ఆస్తమా. డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ క్రమం తప్పకుండా వాడుతున్నారు. ఇల్లు పెద్ద రోడ్డు పక్కనే కావడంతో కిటికీలు దాదాపు ఎప్పుడూ మూసే ఉంటాయి. పాప పడకగదిలో ప్యూరిఫయర్ పెట్టి అప్పటికి రెండు నెలలైంది. రాత్రి తల్లి కూడా అదే గదిలో పడుకునేది.

మిషన్ పైన చిన్న లైటు ఉంది. గాలి బాగుంటే పచ్చ, మధ్యస్తంగా ఉంటే పసుపు, బాగోకపోతే ఎరుపు. రెండు నెలల్లో అది పచ్చ తప్ప వేరే రంగు చూపించింది చాలా తక్కువ. పాప మాత్రం వారంలో నాలుగైదు రాత్రులు దగ్గుతో లేస్తోంది. "మిషనేమో గాలి శుభ్రంగా ఉందంటోంది, పాపేమో దగ్గుతోంది. ఎవరి మాట నమ్మాలండీ?" అని ఆవిడ ఫోన్‌లో అడిగారు. పాప మాటే నమ్మమన్నాను.

మొదటి రోజు

గదిలోకి అడుగు పెట్టగానే నేను చూసింది మిషన్ ఉన్న చోటు. బీరువాకీ మంచానికీ మధ్య సందులో ఉంది, కర్టెన్ దాన్ని సగం కప్పేసింది. నడవడానికి అడ్డం రాకూడదని అక్కడ పెట్టామన్నారు తండ్రి.

పెట్టె మీద సీఏడీఆర్ గంటకు 240 ఘన మీటర్లు అని ఉంది. మిషన్ గంటకి ఎంత శుభ్రమైన గాలిని గదికి అందిస్తుందో చెప్పే లెక్క అది. ఫిల్టర్ ఎంత బాగా పట్టుకుంటుంది, ఫ్యాన్ ఎంత గాలి లాగుతుంది అనే రెండూ కలిస్తే వచ్చే అంకె కాబట్టి, పెట్టెల మీద పెద్దగా కనిపించే "99.97 శాతం హెపా" (సన్నటి కణాలను పట్టే ఫిల్టర్ రకం) కన్నా ఇదే ముఖ్యం. ఆ 99.97 అనేది 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలు ఫిల్టర్‌కి తగిలినప్పుడు ఎన్ని ఆగిపోతాయో చెబుతుంది. ఫిల్టర్ దాకా రాని గాలి గురించి ఏమీ చెప్పదు.

గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 3.5, ఎత్తు 2.8. అంటే సుమారు 39 ఘన మీటర్లు. 240ని 39తో భాగిస్తే, గదిలో గాలంతటినీ గంటకి ఆరుసార్లు వడకట్టినంత పని. ఎంత గదికి ఎంత మిషన్ కావాలో చెప్పడానికి అమెరికాలో తయారీదారుల సంఘం ఆహామ్ పెట్టుకున్న లెక్క గంటకి దాదాపు ఐదుసార్లకి వస్తుంది. కాబట్టి కాగితం మీద ఈ మిషన్ ఈ గదికి సరిపోవడమే కాదు, కాస్త ఎక్కువే.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. మీటరు పెట్టి వారం రోజులు పీఎం 2.5 (గాలిలో ఉండే 2.5 మైక్రాన్ల లోపు సన్నటి కణాలు) రికార్డు చేసుకోవడం సులువైన దారి. కానీ ఆ అంకె పెరిగినా తగ్గినా అది మిషన్ వల్లా, రోడ్డు మీద ట్రాఫిక్ తగ్గడం వల్లా, ఎవరో తలుపు తీయడం వల్లా అన్నది తేలదు. అందుకే నేను ముందు సగమయ్యే టైము కొలుస్తాను. గదిలో కావాలనే కణాలు నింపి, అవి సగానికి పడిపోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడటం అన్నమాట. మిషన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి కొలిస్తే, రెండింటికీ మధ్య తేడాయే మిషన్ చేసిన పని.

కణాల కోసం చాలామంది పొగ పెడతారు. ఆస్తమా ఉన్న పిల్ల పడుకునే గదిలో నేనా పని చెయ్యను. నెబ్యులైజర్‌లో ఉప్పునీళ్లు పోసి వదులుతాను. నీరు ఆరిపోయి సన్నటి ఉప్పు కణాలు గాలిలో మిగులుతాయి. దీనికి గదిలో తేమ తక్కువ ఉండాలి, లేకపోతే ఉప్పు కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, లేజర్ మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఆ రోజు తేమ 50 శాతం దగ్గర ఉంది. పాప స్కూల్లో ఉన్న టైములో, చిన్న ఫ్యాన్‌తో గాలి బాగా కలిపి, రెండు మీటర్లు పక్కపక్కన పెట్టి అరగంట సేపు ఒకే అంకె చూపిస్తున్నాయని నిర్ధారించుకుని మొదలుపెట్టాను. ఉప్పు వదలకముందు గదిలో ఉన్న మామూలు స్థాయిని ప్రతి అంకెలోంచీ తీసేశాను. ఇది మర్చిపోతే చివర్లో లెక్కంతా తప్పుతుంది.

మిషన్ ఆపి ఉన్నప్పుడు కణాలు సగమవడానికి 69 నిమిషాలు పట్టింది. సందుల్లోంచి బయటికి పోయినవి, నేల మీదా గోడల మీదా వాలిపోయినవి కలిపి ఇది. మిషన్‌ని గది మధ్యకి తెచ్చి ఫుల్ స్పీడ్‌లో వేస్తే ఆరున్నర నిమిషాలు. లెక్క కడితే సీఏడీఆర్ 227 దాకా వచ్చింది. కంపెనీ చెప్పిన 240కి చాలా దగ్గర. మిషన్ నిజమే చెబుతోంది.

తర్వాత తండ్రిని అడిగాను, రాత్రి ఏ స్పీడ్‌లో పెడతారని. "స్లీప్ మోడ్ అండీ. లేకపోతే సౌండ్‌కి పాప నిద్రపోదు."

స్లీప్ మోడ్‌లో సగమయ్యే టైము 31 నిమిషాలు. అంటే సీఏడీఆర్ 29, పెట్టె మీది అంకెలో ఎనిమిదో వంతు. మిషన్‌ని మళ్లీ ఆ సందులో కర్టెన్ వెనక పెడితే 38 నిమిషాలు, సీఏడీఆర్ 20 కూడా లేదు. ఆరుసార్లు కాదు, గంటకి అరసారి. పెట్టె మీద అంకెని ఫుల్ స్పీడ్‌లో, తెరిచిన చోట కొలుస్తారు. ఆ స్పీడ్‌లో ఈ ఇంట్లో ఎవరూ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

పచ్చ లైటు సంగతి కూడా అక్కడే తేలింది. ఒక మీటరు మిషన్ పక్కన, ఇంకోటి పాప దిండు పక్కన ఆ రాత్రికి వదిలాను. ఘన మీటరు గాలిలో పీఎం 2.5 సందులో 9 మైక్రోగ్రాములు, దిండు దగ్గర 21. మిషన్ తాను వదిలిన శుభ్రమైన గాలినే మళ్లీ పీల్చుకుంటూ, దాన్నే తన సెన్సార్‌తో కొలుచుకుంటూ, బాగుందని చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటల సగటుకి పెట్టిన మార్గదర్శక స్థాయి 15. సందులో ఉన్న గాలి దానికి లోపలే ఉంది, పాప పీల్చే గాలి దాటిపోయింది.

నా మొదటి సలహా

మిషన్‌ని మంచం కాళ్ల వైపు తెరిచిన చోటికి మార్చాం. సాయంత్రం నుంచే మీడియం, పడుకోవడానికి గంట ముందు ఫుల్ స్పీడ్, తర్వాత రాత్రంతా మళ్లీ మీడియం. మీడియంలో సగమయ్యే టైము 13 నిమిషాలు, సీఏడీఆర్ 102. చప్పుడు పాప భరించగలదో లేదో రెండు రాత్రులు చూసుకుని చెప్పమన్నాను, ఎందుకంటే నిద్ర పట్టక పాపే లేచి ఆపేసే స్పీడ్‌తో ప్రయోజనం లేదు. మీడియం పర్లేదన్నారు. దిండు దగ్గర రాత్రి సగటు 21 నుంచి 7కి వచ్చింది.

పది రోజుల తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. రాత్రి లేవడం తగ్గింది, వారంలో రెండుసార్లే. కానీ సాయంత్రాలు పాపకి కొత్తగా గొంతులో గరగర, కళ్ల మంట. "నాకూ అలాగే ఉంది. ఇంతకుముందు ఇలా లేదు. మీరు స్పీడ్ పెంచమన్నాకే మొదలైందేమో అనిపిస్తోంది, తప్పుగా అనుకోకండి."

తప్పుగా అనుకోలేదు. కానీ ముందు నమ్మలేదు, అది నా పొరపాటు. కణాలు మూడో వంతుకి తగ్గాయి కాబట్టి ఇంకేదో కారణం, జలుబో ఏదో అయ్యుంటుందని మనసులో అనుకున్నాను. నేను కొలిచింది బాగుపడితే మొత్తం బాగుపడినట్టే అనుకోవడం, పచ్చ లైటు చేసిన తప్పే నేనూ చేయడం. ఆవిడ ఇంకో మాట అనకపోయుంటే ఇంకెన్ని రోజులు తాత్సారం చేసేవాణ్నో. "సాయంత్రం ఆ గదిలోకి వెళ్తే జిరాక్స్ మిషన్ దగ్గర వచ్చే వాసన వస్తుందండీ" అన్నారు.

ఆ వాసన ఓజోన్‌ది కావచ్చు, అది గొంతునీ కళ్లనీ మండించే వాయువు. మర్నాడే వెళ్లాను.

రెండో విడత పరీక్ష

మాన్యువల్ మొత్తం ఈసారి చదివాను. "ఫ్రెష్" అనే పేరుతో మిషన్‌లో అయొనైజర్ ఉంది, అంటే గాలిలోని కణాలకి విద్యుదావేశం ఇచ్చే భాగం. పని చేసేటప్పుడు అది కొంత ఓజోన్ కూడా పుట్టించగలదు. స్లీప్ మోడ్‌లో అది ఆగిపోతుంది, మిగతా అన్ని స్పీడ్‌లలో దానంతటదే ఆన్ అవుతుంది. రెండు నెలలుగా రాత్రిళ్లు ఆగి ఉన్నదాన్ని, నా సలహాతో రోజూ సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆన్ చేయించాను. మొదటి రోజే మిషన్ వెనక స్టిక్కర్ చూసి అడగాల్సింది.

ఓజోన్ మీటరు పెట్టాను. అయొనైజర్ (ఇకపై అయాన్) ఆఫ్‌లో 3 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో మూడు భాగాలు), ఆన్ చేసి తలుపు మూసి రెండు గంటలు ఆగితే 27. కాలిఫోర్నియాలో ఇళ్లలో వాడే ఎయిర్ క్లీనర్లకి ఓజోన్ పరిమితి 50 పీపీబీ. అంటే రూలు ప్రకారం చూస్తే మిషన్ పాసే. కానీ వారం రికార్డు తీసి చూస్తే ఇంకోటి కనబడింది. రోజూ సాయంత్రం ఆరున్నర దాటాక పీఎం 2.5 గీతలో చిన్న గుబ్బ. 7 దగ్గర ఉన్న అంకె నెమ్మదిగా 14, 15కి ఎక్కి, గంటన్నరకి దిగుతోంది. వంట పొగైతే గీత ఒక్కసారిగా లేస్తుంది, స్టవ్ ఆపగానే దిగడం మొదలవుతుంది. ఇది అలా లేదు, ఏదో గాలిలోనే తయారవుతున్నట్టు మెల్లగా ఎక్కుతోంది.

ఆరున్నరకి ఏం చేస్తారని అడిగాను. పాప హోంవర్క్‌కి కూర్చునే ముందు గది తుడుస్తారట. దుమ్ము ఉంటే పాపకి పడదని రోజూ, నిమ్మ వాసన ఉన్న ఫ్లోర్ క్లీనర్‌తో.

నిమ్మ, నారింజ, పైన్ వాసన క్లీనర్లలో టెర్పీన్లు అనే పదార్థాలు ఉంటాయి. లిమోనిన్ వాటిలో ఒకటి. ఇవి ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులూ, చాలా సన్నటి కొత్త కణాలూ పుడతాయి. ఇది బాగా తెలిసిన రసాయన చర్యే. కానీ ఈ గదిలో జరుగుతున్నది అదే అని అనడానికి అనుమానం చాలదు. తుడిచేటప్పుడు లేచిన దుమ్ము కావచ్చు. క్లీనర్ ఆవిరినే మీటరు కణాలుగా చూపిస్తూ ఉండవచ్చు. అందుకని నాలుగు పరీక్షలు పెట్టాను, పాప స్కూల్లో ఉన్నప్పుడు, రెండు రోజుల్లో, ఒక్కో దానికీ మధ్య గంటసేపు కిటికీలు తెరిచి గాలి మార్చి. ఒకటి, వట్టి నీళ్లతో తుడవడం, అయాన్ ఆఫ్. రెండు, నీళ్లు, అయాన్ ఆన్. మూడు, క్లీనర్, అయాన్ ఆఫ్. నాలుగు, క్లీనర్, అయాన్ ఆన్. ప్రతిసారీ అదే బకెట్, అదే బట్ట, మూతతో కొలిచిన అదే క్లీనర్, ఫ్యాన్ మీడియం. తుడిచింది ఆవిడే, రోజూ ఎలా తుడుస్తారో అలాగే.

మామూలు లేజర్ మీటర్లు 0.3 మైక్రాన్లకన్నా సన్నటి కణాలను సరిగా చూడలేవు కాబట్టి, అల్ట్రాఫైన్ కణాలను లెక్కపెట్టే పరికరం ఒకటి అరువు తెచ్చుకున్నాను. మొదటి రెండు పరీక్షల్లో ఘన సెంటీమీటరుకి రెండున్నర వేలు, మూడు వేల దగ్గర గీత చదునుగా ఉంది. దుమ్ము కాదు. మూడోదాంట్లో నాలుగు వేలు, అంతే. నాలుగోదాంట్లో తుడవడం అయ్యాక ఐదు నిమిషాలు ఏమీ లేదు. ఆవిడ, నేను తలుపు బయట నిలబడి స్క్రీన్ చూస్తున్నాం. పదో నిమిషానికి ఆరు వేలు. పదిహేనో నిమిషానికి పదకొండు వేలు. అరగంటకి 19 వేలు. అదే టైములో ఓజోన్ అంకె 27 నుంచి 15కి దిగింది, ఎందుకంటే టెర్పీన్లు దాన్ని తినేస్తున్నాయి. ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరగడం పక్కపక్క స్క్రీన్ల మీద చూశాక ఇక అనుమానం మిగల్లేదు. అయినా ఇంకో రోజు నాలుగో పరీక్ష మళ్లీ చేశాను, అలాగే వచ్చింది.

ఫార్మాల్డిహైడ్ కొలవలేదు. చేతిలో పట్టుకునే చవక మీటర్లు ఆల్కహాల్‌కీ, క్లీనర్ ఆవిరికీ కూడా లేస్తాయి. అలాంటి అంకె చూపించి తల్లిదండ్రులకి టెన్షన్ పెట్టడం కన్నా చూపించకపోవడమే మేలు.

హెపా ఉంది కదా, అదే తీసేయాలి కదా అని తండ్రి అడిగారు. పుట్టిన కణాలను కొంత తీస్తుంది, నిజమే. వాయువులను పట్టుకోదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. "ఇందులో కార్బన్ ఫిల్టర్ కూడా ఉందని రాశారు" అన్నారు. తీసి చూపించాను. నల్ల పొడి అద్దిన పల్చటి వల, వెలుతురుకి పట్టుకుంటే అవతలి వైపు చెయ్యి కనబడుతోంది. కార్బన్ ఎంత ఉంటే అంత పట్టుకుంటుంది, నిండాక ఇక పట్టదు. వాయువుల కోసం నిజంగా తయారుచేసిన మిషన్లలో అది కిలోల్లో ఉంటుంది.

ఏం మార్చాం

అయాన్ ఆపేశాం. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ప్లగ్ తీసి మళ్లీ పెడితే, కరెంటు పోయి వచ్చినా సరే, అది మళ్లీ ఆన్ అయిపోతోంది. కాబట్టి బటన్ పక్కన చిన్న కాగితం అంటించి, పడుకునే ముందు అయాన్ లైటు ఆరి ఉందో లేదో చూడటం పాపకే అప్పజెప్పారు.

క్లీనర్ కూడా మార్చమన్నాను, అయాన్ ఆపితే చాలుగా అని వాళ్లనుకుంటున్నా. బయటి గాలిలో కూడా ఓజోన్ ఉంటుంది, ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం తర్వాత ఎక్కువ. కిటికీ తెరిచి నిమ్మ వాసన క్లీనర్‌తో తుడిస్తే అదే చర్య కొంత జరుగుతుంది. పైగా బలమైన వాసనలు ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి వాటంతటవే పడవు. వాసన లేని క్లీనర్ వారానికోసారి, మిగతా రోజులు మైక్రోఫైబర్ బట్ట, వట్టి నీళ్లు. తుడవడం సాయంత్రం నుంచి పాప స్కూలుకి వెళ్లాకకి మార్చారు.

ఇంకో సంగతి ప్యూరిఫయర్‌కి సంబంధం లేనిది, కానీ అదే గదిది. తలుపు, కిటికీలు మూసి ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ 1,800 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 1,800 భాగాలు) దాటుతోంది. బయట గాలిలో ఉండేది 420 దగ్గర. ప్యూరిఫయర్ ఏ స్పీడ్‌లో పెట్టినా ఈ అంకె కదలదు, అది ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలి తేదు. రాత్రి తలుపు జానెడు తెరిచి ఉంచితే 1,100 దగ్గర ఆగింది. తలుపు తెరిస్తే మిషన్ పని కొంత హాల్లోకి పోతుంది, దిండు దగ్గర కణాలు 7 నుంచి 9కి పెరిగాయి. ఆ మార్పు ఒప్పుకోదగ్గదే అనుకున్నాం.

పరుపుకీ దిండ్లకీ డస్ట్‌మైట్ (పరుపుల్లో ఉండే కంటికి కనబడని పురుగులు) కవర్లు వేయమని వాళ్ల డాక్టరు అంతకుముందే చెప్పారట, ప్యూరిఫయర్ ఉందిగా అని వీళ్లు పక్కన పెట్టేశారు. డస్ట్‌మైట్ అలెర్జీ కారకాలు ఎక్కువగా పెద్ద కణాల మీద ఉంటాయి, లేచిన కాసేపటికే కింద పడిపోతాయి, మిషన్ దాకా రావు. దానికి కవర్లే మందు. వేశారు.

తర్వాత

గొంతు గరగర, కళ్ల మంట నాలుగు రోజుల్లో పోయాయి, ఇద్దరికీ. రాత్రి దగ్గుతో లేవడం తల్లి రాసుకున్న క్యాలెండర్ ప్రకారం తర్వాతి ఆరు వారాల్లో మొత్తం మూడుసార్లు. ఇందులో మిషన్ చోటు మార్చినందుకు ఎంత, కవర్లకి ఎంత, మారిన వాతావరణానికి ఎంత అని నేను విడదీయలేను. గొంతు గరగర, కళ్ల మంట సంగతి మాత్రం అయాన్, క్లీనర్‌ల పనే అని గట్టిగా అనగలను. ఇన్‌హేలర్ తగ్గించాలా వద్దా అన్నది డాక్టరుకే వదిలేశాం, నా అంకెల కాగితం ఒకటి వాళ్లతో పంపాను.

అప్పటినుంచి నేను ఏ ఇంటికి వెళ్లినా కణాల మీటరు తీయకముందే మూడు అడుగుతున్నాను: రాత్రి ఏ స్పీడ్, మిషన్‌లో ఫిల్టర్ కాకుండా ఇంకేం ఉంది, ఇల్లు దేంతో తుడుస్తారు, ఎప్పుడు. ఓజోన్ మీటరు వాడటం మానలేదు. స్పీడ్ మార్చమని చెప్పేముందు ఆ స్పీడ్‌లో ఇంకేమేం ఆన్ అవుతాయో నేనే నొక్కి చూస్తున్నాను.

ఏడు నెలలకి ఫిల్టర్ సంగతి చూడమని పిలిచారు. మిషన్ ఫిల్టర్ లైటు ఇంకా వెలగలేదు. అది నడిచిన గంటలు లెక్కపెడుతుంది తప్ప ఎంత దుమ్ము పట్టిందో చూడదు, ఇల్లేమో రోడ్డు పక్కన. మీడియంలో సగమయ్యే టైము 13 నుంచి 17 నిమిషాలకి పెరిగింది, సీఏడీఆర్ 72కి పడింది. ముందు జాలీ ఫిల్టర్ మీద దుమ్ము వాక్యూమ్‌తో లాగితే 15. హెపా మార్చాక మళ్లీ 13.

నేను సామాన్లు సర్దుకుంటుంటే ఆవిడ కొత్త క్లీనర్ బాటిల్ తెచ్చి చూపించారు. చుట్టాలు ఎవరో మంచిదని ఇచ్చారట, ముందు వైపు ఆకుల బొమ్మ, "నేచురల్" అని పెద్ద అక్షరాలు. పాప దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది, సన్న అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది, "ఆరెంజ్ ఆయిల్... లి-మో-నిన్. అమ్మా, ఇందులోనూ ఉంది." ఆవిడ ఆ బాటిల్‌ని సీల్ తీయకుండానే బయట వరండాలో పెట్టేశారు.